అరవై ప్లాట్లలో రెండిళ్లు

సెప్టెంబరు 14, ఆదివారం

ఈ డైరీ మా అమ్మాయి రాజ్యశ్రీ ఇచ్చింది. వాళ్ల బ్యాంకులో పంచగా మిగిలిందట. సంవత్సరం అయిపోవస్తుంటే డైరీ ఏమిటే అంటే, నీకు పొద్దుపోవాలి కదా నాన్నా అంది. నాకు పొద్దుపోకపోవడం ఏమిటో. ముప్పై ఏళ్ల పైచిలుకు విజయవాడ వన్‌టౌన్‌లో చీరల కొట్టు నడిపినవాణ్ని. నోటికీ, మడతలు విప్పే చేతులకీ ఏనాడూ విశ్రాంతి లేదు. ఇక చాలనుకునే కొట్టు తమ్ముడి కొడుక్కి అప్పగించి, నేనూ రాఘవమ్మా ఈ ఇల్లు కట్టుకుని వచ్చాం.

ఉయ్యూరు దాటి పామర్రు వైపు వెళ్లే దారిలో, కాలవ పక్కన, హరితస్వప్న వెంచర్. అరవై ప్లాట్లు. ఇళ్లు రెండు. మాది ఒకటి.

జనం లేరు. అదే అదృష్టం. గాలి మంచిది.

సెప్టెంబరు 17

రాఘవమ్మ ఇవాళ నడక నుంచి ఆలస్యంగా వచ్చింది.

సెప్టెంబరు 20

రెండో ఇల్లు యాసిన్‌ది. ఉయ్యూరులో వెల్డింగ్ షాపు ఉంది. నెమ్మదస్తుడు. భార్య అఫ్సా కూడా అంతే. యాసిన్ తల్లి జమాల్ బీకి మాత్రం ఆరు మేకలున్నాయి. నేను వేసుకున్న కనకాంబరం మడి మొత్తం అవి ఒక్క మధ్యాహ్నంలో మేసేశాయి. నేనో మాట అన్నాను, ఆవిడ రెండన్నది. "కంచె లేని పువ్వుల్ని మేక తినక మనిషి తింటాడాండీ" అని అడిగింది.

ఆ కుటుంబంతో నాకు గొడవేమీ లేదు. అటు చూడను, అంతే. రాఘవమ్మకి కూడా అటు వెళ్లవద్దని చెప్పాను. సరేనంది.

సెప్టెంబరు 28

ఈ స్థలం కొన్న రోజు గుర్తొచ్చింది. ఏజెంటు చక్రి నన్నూ రాఘవమ్మనీ కారులో తీసుకొచ్చాడు. అప్పుడిదంతా వరిచేను. గట్టు మీద నిలబెట్టి, ఇక్కడ పార్కు, అక్కడ ఈతకొలను అని చేత్తో చూపించాడు. నాకు ఈత రాదు. అయినా బాగుందనిపించింది. మరుసటి ఏడాదికి చేను పోయి రాళ్లు పాతారు. ఎర్రమట్టి రోడ్లు వేశారు, వెంచర్ పేరుతో ఆర్చి కట్టారు. తర్వాత రేట్లు పడిపోయాయి. కొన్నవాళ్లు కొన్నట్టే మరిచిపోయారు.

దున్నేవాడు లేకపోతే నేల ఖాళీగా ఉంటుందా? తుమ్మ మొలిచింది, వయ్యారిభామ మొలిచింది, జిల్లేడు, తుంగ, పేరు తెలియని తీగలు. రాజ్యశ్రీ దీన్ని అడవి అంటుంది. పచ్చదనం అనాలి.

పాలు పోసే యేసుబాబు ఒకప్పుడు ఈ చేనే కౌలుకి చేశాడు. నీళ్లు పెట్టి దున్నుతున్నన్నాళ్లూ ఎలక ఇక్కడ కుదురుగా కాపురం చెయ్యలేదని, ఇప్పుడు వాటికి అడ్డే లేదని అన్నాడు. "ఇల్లు కట్టింది మీరు గానండీ, పట్టాలన్నీ ఎలకలకే వచ్చినయ్యండి" అని నవ్వాడు. మా ప్రహరీ పక్కన కూడా బొరియలున్నాయి. పల్లె అన్నాక ఉంటాయి.

అక్టోబరు 5

కాఫీ ఫ్లాస్కు కనబడటం లేదు. పొద్దున వెతికితే లేదు, తొమ్మిదింటికి చూస్తే గూట్లోనే ఉంది. చూపు మందగించినట్టుంది.

అక్టోబరు 9

రాఘవమ్మ నడక నుంచి వస్తూ స్టీలు డబ్బాలో సేమ్యా తెచ్చింది. జీడిపప్పు, ఎండు కొబ్బరి, కమ్మటి నెయ్యి. ఎక్కడిదే అంటే, దారిలో దొరికింది అంది. రెండోసారి వడ్డించుకున్నాను.

అక్టోబరు 16

రాఘవమ్మ వంట చేస్తూ కూనిరాగం తీస్తోంది. విజయవాడలో ఉండగా ఆవిడ పాడటం నేను వినలేదు. నడక బాగా పనిచేస్తోంది. ఇక్కడి గాలి ఆవిడకి పడింది. రాజ్యశ్రీకి ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను. అమ్మ పాడుతోందా అని రెండుసార్లు అడిగింది.

అక్టోబరు 29

తుఫాను. కరెంటు లేదు. గాలికి ఆర్చి మీది "హరిత" ఊడి పడింది. "స్వప్న" ఉంది.

నవంబరు 6

రాఘవమ్మకి ఒళ్లు వెచ్చగా ఉంది. వానలో తడిసి ఉంటుంది. మిరియాల కషాయం ఇచ్చాను.

నవంబరు 8

జ్వరం దిగలేదు. తల పగిలిపోతోందంటోంది. జమాల్ బీ గేటు దగ్గరికి వచ్చి, రాఘవమ్మ గారు బాగున్నారాండీ అని అడిగింది. నిద్రపోతోందని చెప్పి పంపాను. మా ఆవిడ పేరు ఈవిడకెలా తెలుసో.

నవంబరు 10

ఉయ్యూరులో డాక్టరుకి చూపించాను. డెంగీ అయ్యుండవచ్చన్నాడు. ప్లేట్‌లెట్లు తగ్గాయట. సెలైన్ పెట్టారు. సాయంత్రానికి ఇంటికి వచ్చేశాం. డెంగీ అంటే దోమలు. దోమలు విజయవాడలో మాత్రం లేవా?

జమాల్ బీ మళ్లీ వచ్చింది. నిద్రపోతోందని చెప్పాను.

నవంబరు 11

తగ్గింది. అన్నం తినలేదు గాని, తగ్గినట్టే.

నవంబరు 12

తగ్గింది. మధ్యాహ్నం జ్వరం మళ్లీ వచ్చింది.

నవంబరు 13

తగ్గుతుంది.

నవంబరు 15

విజయవాడ, ఆసుపత్రి వరండా. డైరీ సంచీలో ఎలా వచ్చిందో తెలియదు. నేనే పెట్టి ఉంటాను.

నిన్న పొద్దున రాఘవమ్మకి ఆయాసం మొదలైంది. నన్ను చూసి గుర్తుపట్టలేదు. కస్టమర్లొచ్చారు, పట్టు చీరలు కిందకి దించండి అంటోంది. నేను మంచం పక్కన కూర్చుని, దించుతున్నాను రాఘవా, దించుతున్నాను అంటున్నాను. అంతకన్నా ఏం చెయ్యాలో తోచలేదు. అప్పుడు గేటు చప్పుడైంది. జమాల్ బీ ఈసారి నన్నేమీ అడగలేదు. చెప్పులు గుమ్మంలో వదిలి తిన్నగా లోపలికొచ్చి, రాఘవమ్మ నుదురు ముట్టుకుని, కొడుక్కి ఫోన్ చేసింది. యాసిన్ ఎవరిదో కారు తెచ్చాడు. దారి పొడవునా రాఘవమ్మ తల జమాల్ బీ ఒళ్లోనే ఉంది. నేను ముందు సీట్లో కూర్చున్నాను.

ఇక్కడ కుర్ర డాక్టరొకడు చూశాడు. కళ్లద్దాలు, మా రాజ్యశ్రీ కన్నా చిన్నవాడు. రిపోర్టులన్నీ చదివి పక్కన పెట్టి, ఈవిడ పొదల్లోకి గాని గడ్డిలోకి గాని వెళుతుంటారా అని అడిగాడు.

"లేదండీ. మాది లేఅవుట్. పొలం కూడా కాదు. రోజూ రోడ్డు మీద నడక, అంతే" అన్నాను.

నా వెనకనుంచి జమాల్ బీ ముందుకొచ్చింది.

"భావనారాయణ అన్నయ్య గారూ, మీరు కోప్పడినా సరేనండి, నేను చెప్పేస్తాను. ఆవిడ నడవటం లేదు. రోజూ పొద్దున్నే కాలవ వైపు ప్లాట్లలో ఇద్దరం కూర్చుంటున్నాం. నాకు మోకాళ్లు వంగవు, రాయి మీద కూర్చుంటాను. ఆవిడ గడ్డి మీద తువ్వాలు పరుచుకుంటుంది. ఫ్లాస్కులో కాఫీ తెస్తుంది. మేకలు మేస్తాయి, మేం మాట్లాడుకుంటాం."

డాక్టరు ఆవిడ వైపు తిరిగి, ఈమధ్య ఏదైనా కుట్టిందని చెప్పారా అని అడిగాడు.

"చెప్పిందండీ. తుఫానుకి ముందు. నడుం దగ్గర, చీర దోపుకునే చోట. దురదగా ఉందంటే పసుపు రాయమన్నాను."

డాక్టరు నర్సుని పిలిచాడు. తెర లాగారు. నేను గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాను. ఏ నెల పేజీయో ఇప్పుడడిగితే చెప్పలేను. తెర వెనకనుంచి నర్సు, ఉంది సార్ అంది. నడుం పక్కన చిన్న నల్లటి పెచ్చు, సిగరెట్‌తో కాల్చినట్టు. నొప్పి ఉండదట, అందుకే ఎవరూ చూసుకోరట.

దాని పేరు స్క్రబ్ టైఫస్. రక్తం పరీక్షకి పంపాడు గాని, ఫలితం కోసం ఆగలేదు. మందు అప్పుడే మొదలుపెట్టాడు. చాలా పాత మందేనట, చవకదేనట. జబ్బు పేరు తెలిస్తే చాలట.

ఫ్లాస్కు సంగతి ఇదన్నమాట. సేమ్యా సంగతి కూడా.

కోపం రావాలి. రాలేదు.

నవంబరు 16

జ్వరం దిగింది. ఈసారి నేను చెప్పడం కాదు, నర్సు చెప్పింది.

నవంబరు 17

రాఘవమ్మ కళ్లు తెరిచి నన్ను చూసి, గడ్డం గీసుకోలేదేమండీ అంది. ఇడ్లీ తిని, రబ్బరులా ఉందని తిట్టింది. ఆ తిట్టు వినగానే రాజ్యశ్రీ బాత్రూములోకి వెళ్లి చాలాసేపు రాలేదు. నేను కిందికి వెళ్లి గడ్డం గీయించుకుని వచ్చాను. మంగలి, ఏమిటండీ నవ్వుతున్నారు, కదలకండి అన్నాడు.

మధ్యాహ్నం జమాల్ బీ వచ్చింది. ఇద్దరూ చేతులు పట్టుకుని ఏదో గుసగుసలాడుకుని నవ్వారు. నన్ను చూసి ఆపేశారు. నేను బయటికి వచ్చేశాను. బయటికి కూడా వినపడింది, మళ్లీ మొదలుపెట్టారు.

నవంబరు 19

డాక్టరు ఇవాళ తీరిగ్గా మాట్లాడాడు. గడ్డిలో కంటికి ఆనని పురుగులుంటాయట, నల్లి జాతివి. పిల్ల పురుగులు ఎలకల చెవులకి పట్టుకుని బతుకుతాయట. మనిషి దగ్గర్లో కూర్చుంటే మనిషిని కుడతాయి. దాంతో ఈ జ్వరం.

పూర్వం మేమెవరమూ దీని పేరు వినలేదే అన్నాను. జబ్బు పాతదేనట, చోట్లు కొత్తవట. ఈ సీజన్లో తన దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది ఊళ్ల అంచుల నుంచి, వదిలేసిన లేఅవుట్ల పక్క నుంచి వచ్చినవాళ్లేనట. వానలు కూడా వేళాపాళా లేకుండా పడుతున్నాయి, పొదలు ఏడాది పొడవునా ఎండటం లేదు అన్నాడు.

"పొలాన్ని పొలంలా దున్నుకున్నా, ఊరిని ఊరిలా శుభ్రం చేసుకున్నా దీనికి అంత చోటుండదండి. రెండూ కానివ్వకుండా వదిలేస్తామే, అదంటే దానికి ఇష్టం" అన్నాడు.

ఎలకల మందు పెట్టేస్తానన్నాను. వద్దన్నాడు. పొదలుండగా ఎలకల్ని చంపితే ఆ పురుగులు ఆకలికి మనుషుల మీద పడతాయట. ముందు పొదలు కొట్టాలి, బూట్లు, నిండు చేతుల చొక్కాలు వేసుకుని. తగలబెట్టకుండా కొట్టాలి.

నేను విన్నాను. మా వెంచర్ మరీ అంత పాడుగా లేదని చెప్పబోయాను. ఎందుకో చెప్పలేదు.

నవంబరు 22

ఇంటికి వచ్చాం. దారిలో రాజ్యశ్రీ గట్టిగానే చెప్పింది. ఆ ఇంటికి తాళం వేసి మా ఫ్లాట్‌కి వచ్చెయ్యండి, వాదన లేదు అంది. నేను సరేనందామనే అనుకున్నాను. భయం ఉంది. ఎందుకు లేదని రాయాలి?

రాఘవమ్మ కారు కిటికీలోంచి చూస్తూ, నేను రానే అంది.

"నీ ఫ్లాట్‌లో నాతో మాట్లాడేది లిఫ్టు ఒక్కటే. తలుపు మూయండి, తలుపు మూయండి అని. ఇక్కడ నాకు మనిషి ఉంది."

రాజ్యశ్రీ, ఉగాది వరకు చూస్తాను, ఈలోగా ఆ గడ్డి కనబడకూడదు అని నాతో అంది. నాతోనే అంది, వాళ్లమ్మతో కాదు.

నవంబరు 24

చక్రికి ఫోన్ చేశాను. బాగున్నారా భావనారాయణ గారూ అని నోరారా పలకరించాడు. గడ్డి మాట ఎత్తగానే, ప్లాట్లు అమ్మేశాం కదండీ, ఎవరి గడ్డి వాళ్లదే కదండీ అన్నాడు. సిగ్నల్ లేదన్నాడు. తర్వాత నిజంగానే లేదు.

నవంబరు 27

ప్లాటు యజమానులు ఎక్కడున్నారో ఎవరికి తెలుసు? యాసిన్ చెప్పాడు. ప్రతి పొదలోనూ ఒక బోర్డుంది బాబాయి గారూ అన్నాడు. నిజమే. "ఈ ప్లాటు అమ్మబడును", కింద ఫోన్ నంబరు. తుమ్మ కొమ్మల్లోంచి తొంగి చూస్తుంటాయి. యాసిన్ మోకాళ్ల దాకా బూట్లు వేసుకుని, ఒళ్లంతా కప్పుకుని, కత్తితో దారి చేసుకుంటూ వెళ్లి నంబర్లు గట్టిగా చదివాడు. నేను రోడ్డు మీద కుర్చీ వేసుకుని ఫోన్ చేశాను.

మొదటాయనకి ఉన్న విషయం చెప్పాను. జబ్బు గురించి, పొదల గురించి. మీటింగులో ఉన్నానన్నాడు. రెండో ఆవిడ, ముందు మా పక్క ప్లాటు వాళ్లని అడగండి, ఎక్కువ పెరిగింది వాళ్లదే అంది. మూడో ఆయన రాంగ్ నంబరన్నాడు. నాలుగో ఆయన నేను చెబుతుండగానే పెట్టేశాడు.

కూర్చుని ఆలోచించాను. కొట్టులో మొదటి రోజు మా నాన్న నేర్పింది ఒకటే. రేటు చెప్పకు, బట్ట చేతికివ్వు.

ఐదో నంబరు దేవేంద్ర అనే ఆయనది, మచిలీపట్నంలో స్కూల్ హెడ్‌మాస్టరు. "మీ ప్లాటు ఒకసారి చూద్దామనుకుంటున్నానండి" అన్నాను. అంతే అన్నాను. ఏ ఆదివారం, ఎన్నింటికి రమ్మంటారండీ అన్నాడు.

డిసెంబరు 3

ఇరవై మందికి పైగా ఒప్పుకున్నారు. అందరికీ అదే మాట. చూద్దామనుకుంటున్నానండి. మాంగో జ్యూస్ తీసుకురమ్మంటారా అని ఒకావిడ అడిగింది. మీటింగులో ఉన్నాయన తనే తిరిగి ఫోన్ చేశాడు. రాఘవమ్మ మంచం మీదనుంచి వింటూ, ఇది మోసం కాదా అండీ అంది. మోసం ఎలా అవుతుంది? చూద్దామనుకుంటున్నాను. ఏళ్ల తరబడి చూడాలనే అనుకుంటున్నాను. ఏ ప్లాటూ కనబడటం లేదు.

డిసెంబరు 14, ఆదివారం

ఇవాళ్టి సంగతి పూర్తిగా రాసుకోవాలి.

పొద్దున్నే కార్లు రావడం మొదలైంది. ఆర్చి కింద నుంచి ఒకదాని వెనక ఒకటి. పట్టుచీరలు, ఇస్త్రీ చొక్కాలు. ఒకాయన పెళ్లికి వచ్చినట్టు సెంటు కొట్టుకుని వచ్చాడు. దిగినవాళ్లు దిగినట్టే పక్కవాళ్లని అనుమానంగా చూసుకుంటున్నారు. మీ ప్లాటు అమ్ముతున్నారా, మీదీనా, అందరికీ బయ్యరు ఒకరేనా అని. కాసేపటికి సంగతి అర్థమై రోడ్డు మీద గోల మొదలైంది. దేవేంద్ర హెడ్‌మాస్టరు గొంతు అన్నిటికన్నా పెద్దది. బయ్యరెవరండీ, ముందుకు రండి అన్నాడు.

నేను చెయ్యెత్తాను.

"నేనేనండి. కొంటానని ఎవరితోనూ అనలేదు. చూస్తానన్నాను. ఇప్పుడైనా చూపించండి. మీ ప్లాటు ఏదో మీరే చెయ్యిపెట్టి చూపించండి మాస్టారూ."

ఆయన పొదల వైపు తిరిగి చెయ్యెత్తాడు. ఇటు చూపించాడు, అటు చూపించాడు. చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. వాళ్లావిడకి నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుంది గాని ఆగలేదు. సెంటు కొట్టుకున్నాయన కూడా నవ్వాడు.

అయినా కొందరు కార్ల వైపు నడిచారు. అప్పుడు రాఘవమ్మ బయటికి వచ్చింది. చెప్పకుండానే వచ్చింది. జమాల్ బీ ఒక పక్క, అఫ్సా ఒక పక్క పట్టుకున్నారు. నెల కిందటి జాకెట్టు భుజాల మీద వేలాడుతోంది. గేటు దగ్గర కుర్చీలో కూర్చుని, వెళ్లేముందు ఒక్క మాట వినండమ్మా అంది.

తనకేం జరిగిందో చెప్పింది. ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. గడ్డి మీద తువ్వాలు పరుచుకుని కాఫీ తాగానని, అంతకుమించి ఏ పాపమూ చెయ్యలేదని చెప్పింది. "మీ పిల్లలు రేపు ఇక్కడ ఇల్లు కట్టుకుంటే, వాళ్ల పిల్లలు ఆడుకునేది ఇందులోనే కదా" అంది.

ఒక్కొక్కరే తమ కాళ్ల వైపు చూసుకుని, గడ్డి అంచు వదిలి రోడ్డు నడుమకి జరిగారు. చివరికి దేవేంద్ర మాస్టారు చొక్కా చేతులు మడవబోయి, మళ్లీ దించి గుండీలు పెట్టుకుని, ఏం చెయ్యాలో చెప్పండి అన్నాడు.

చెప్పడానికేముంది, యేసుబాబు ట్రాక్టరు కాలవ గట్టు మీద సిద్ధంగా ఉంది. తుమ్మ మొదళ్లకి పొక్లెయినర్ కూడా మాట్లాడి ఉంచాం. యాసిన్ షాపులో కుర్రాళ్లు బూట్లతో, నిండు బట్టలతో కత్తులు పట్టుకుని నిలబడ్డారు. పిల్లల్ని, ఆడవాళ్లని మా డాబా మీదికి పంపేశాం. మగవాళ్లు మాకూ బూట్లు కావాలన్నారు. మాస్టారు కారులోంచి స్కూల్ విజిల్ తెచ్చి ఊదటం మొదలుపెట్టాడు. అందరి పనీ ఆయనే చేయిస్తున్నట్టు అనుకున్నాడు. అనుకోనిచ్చాం.

మధ్యాహ్నం డాబా మీద భోజనాలు. జమాల్ బీ బిర్యానీ, రాఘవమ్మ చెప్పి చేయించిన పులిహోర. పొద్దున ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నవాళ్లు పెరుగు గిన్నె అందించుకుంటున్నారు. ఎవరి ప్లాటు పక్క ఎవరిదో వాళ్లకి ఇవాళే తెలిసింది. మాంగో జ్యూస్ ఆవిడ నిజంగానే తెచ్చింది.

సాయంత్రానికి నేల బయటపడింది. నల్లటి రేగడి, తడి తడిగా, ట్రాక్టరు చాలు వెనక చాలు. ఎక్కడినుంచి వచ్చాయో కొంగలు, తెల్లగా, ట్రాక్టరు వెనకాలే నడుస్తున్నాయి. ఇన్నేళ్లూ ఇది మా పక్కనే ఉందా అనిపించింది. ఇళ్లు లేచేదాకా దున్ని ఏదైనా చల్లుకోండి, ఖాళీగా మాత్రం ఉంచకండి అని మాస్టారే అన్నాడు. మిగతావాళ్లు సరేనన్నారు. రానివాళ్ల ప్లాట్ల సంగతి ఆయన చూసుకుంటాడట. విజిల్ ఆయన దగ్గరే ఉంది.

డిసెంబరు 17

యేసుబాబు సగం మినుములు, సగం పిల్లిపెసర చల్లాడు. పిల్లిపెసర మేకలకి. ఆ ఏర్పాటు నేనే చెప్పాను.

జనవరి 4

కొత్త డైరీ. ఈసారి రాజ్యశ్రీ మిగిలింది కాకుండా కొని తెచ్చింది.

మొలకలు వచ్చాయి. నేను అన్ని రంగుల చీరలూ అమ్మాను. చిలకపచ్చ, ఆకుపచ్చ, మామిడిపిందె. ఈ రంగు ఏ బీరువాలోనూ లేదు.

జనవరి 19

రాఘవమ్మ మళ్లీ నడక మొదలుపెట్టింది. నాకు చెప్పే వెళ్లింది. ఇద్దరి కోసం యాసిన్ రోడ్డు పక్కన ఇనుప బెంచీ చేసి పెట్టాడు, కింద సిమెంటు పోసి. డాక్టరు చెప్పిన ప్రకారం కట్టామని ఫోటో పంపాను. ఆయన చప్పట్లు కొట్టే బొమ్మ పంపాడు.

బెంచీ మీద ముగ్గురికి చోటుంది. నాకు పనులున్నాయి.

జనవరి 20

వెళ్లాను. ఊరికే, బెంచీ గట్టిగా ఉందో లేదో చూద్దామని. జమాల్ బీకి విజయవాడ కృష్ణలంకలో పుట్టిల్లట. ఆవిడ పెళ్లిచీర మా నాన్న కొట్టులో కొన్నదేనేమో అని నాకు అనుమానం వచ్చింది. అంచు ఎలా ఉంటుందని అడిగాను. ఆవిడ చెప్పింది. మా కొట్టుది కాదు. మాదయితే ఇంకా బాగుండేదని చెప్పాను.

ఫిబ్రవరి 8

మేకలు మందారం మొక్క తినేశాయి. అటు చూడలేదు.

ఫిబ్రవరి 15

దేవేంద్ర మాస్టారు శంకుస్థాపన చేశాడు. అమ్ముదామనుకున్న ప్లాటులోనే. రిటైరయ్యాక వస్తారట. వాళ్లావిడకి ఆ రోజు డాబా మీద భోజనం మరిచిపోవటం కుదరలేదట. అరవై ప్లాట్లలో మూడో ఇల్లు. చక్రి కూడా వచ్చాడు, కొబ్బరికాయ పట్టుకుని, ఈ వెంచర్ మీద మొదట్నుంచీ నాకు నమ్మకమేనండీ అన్నాడు. రాఘవమ్మ అతనికి కూడా ప్రసాదం పెట్టింది.

ఫిబ్రవరి 24

ఆసుపత్రి నుంచి ఆ కుర్ర డాక్టరు, ఇంకా ఇద్దరు వచ్చారు. ఎలకల బోనులు పెట్టి చూసి, బాగా తగ్గాయన్నారు. కాలవ అవతల ఇంకో పాడుబడ్డ వెంచర్ ఉంది, అక్కడివాళ్లు మీ ఫోన్ నంబరు అడిగారన్నాడు. ఏం చెప్పి పిలిచారో నేర్పాలట. ఆదివారం వస్తానన్నాను. రాఘవమ్మ, జమాల్ బీ కూడా వస్తామన్నారు. కారులో ముందు సీటు ఎవరిదని ఇప్పటినుంచే వాదించుకుంటున్నారు.

మార్చి 6

మినుములు కోశారు. యేసుబాబు వాటా పోగా మిగిలింది ఇంటింటికీ పంచాం. ఇంటింటికీ అంటే రెండిళ్లకీ, ఒక పునాదికీ.

మార్చి 19, ఉగాది

రాజ్యశ్రీ, అల్లుడు వచ్చారు. గడువు ఇవాళ్టితో సరి. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. పొద్దున పచ్చడి తిని, రాఘవమ్మ కొత్త మినుములతో గారెలు వండింది. రంజాన్ ఉపవాసాలు కదా, జమాల్ బీకి గారెలు సాయంత్రం ఇఫ్తారుకి వెచ్చగా వేయించి పంపింది. రాజ్యశ్రీ ఒక్కతే వెంచరంతా చుట్టి వచ్చింది. చెప్పుల మట్టి గుమ్మంలో దులుపుకుంటూ, రేపు కూడా సెలవు పెట్టాను నాన్నా అంది. నేను పరుపు తీసి డాబా మీద ఎండలో వేశాను.

మార్చి 20

రేపు రంజాన్ పండుగ అవుతుందో లేదో నెలవంక కనబడితేనే తేలాలి. పొద్దు వాలగానే రెండిళ్లవాళ్లం మా డాబా మీద చేరాం. యాసిన్, అఫ్సా పడమటి పక్కన పిట్టగోడ దగ్గర నిలబడ్డారు. జమాల్ బీ చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది. రాజ్యశ్రీ ఫోన్‌లో ఏదో యాప్ పెట్టి, ఇటు ఉండాలి ఇటు ఉండాలి అంటోంది. అక్కడ మబ్బు తునక ఉంది. అల్లుడికి కనబడింది గాని అది విమానం.

అందరికన్నా ముందు రాఘవమ్మ చూసింది.

"అదుగో, ఆ కొబ్బరిచెట్టు పైన. సన్నగా, వెంట్రుకలా" అని చెయ్యి చాపింది. జమాల్ బీ ఆవిడ చేతి వెంబడి చూసి, ఏది ఏది అని, కనబడగానే రెండు చేతులూ ఎత్తి దువా చేసుకుని, రాఘవమ్మని గట్టిగా వాటేసుకుంది. కింద మేకలు అరిచాయి. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. రాఘవమ్మ చాపిన చెయ్యి ఇంకా దించలేదు. ముఖం మీద కొంచెం ఎర్రటి వెలుతురు పడుతోంది. బుగ్గలు మళ్లీ నిండాయి. జాకెట్టు మళ్లీ బిగుతైందని పొద్దున్నే విసుక్కుంది.

మీకు కనబడిందా అండీ అని అడిగింది.

కనబడిందన్నాను. నేను ఆకాశం వైపు చూడనే లేదు.